విజేతల జీవిత సలహాలు మామూలు మనుషులకు ఎంతవరకు పనికివస్తాయి?

ప్రశ్నార్థకం (చర్చను ప్రారంభించినవారు):

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 24 ఏళ్ళు. రెండేళ్ళుగా ఒక ఉద్యోగంలో కుదురుగా ఉన్నాడు. వచ్చే నెలలో రాజీనామా చేసి పూర్తికాలం సంగీతంలోకి వెళతానని వారం క్రితం ఇంట్లో చెప్పాడు. పాట మీద వాడికున్న ప్రేమను చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని కనుక ఆ నిర్ణయానికి నేను ఆశ్చర్యపోలేదు. నన్ను కలవరపెట్టింది, దానికి వాడు చూపించిన ఆధారం.

వాడి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. సినిమా తారలు, క్రీడాకారులు, పెద్ద కంపెనీలు స్థాపించినవారు ఇంటర్వ్యూలలోనూ స్నాతకోత్సవాలలోనూ చెప్పిన మాటలను అందులో తారీఖులతో సహా రాసుకున్నాడు. నిన్న సాయంత్రం దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. వెనక్కి వెళ్ళే దారి ఉంచుకున్నవాడు ముందుకు పోలేడనే అర్థం వచ్చే మాట ఒక పేజీలో ఉంది. దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు. నాలుగు పేజీల తరువాత, చేతిలో ఉన్న పనిని వదలకుండానే కలను పెంచుకోవాలని మరొక ప్రముఖుడు చెప్పిన మాట ఉంది. దాని కిందా అవే రెండు గీతలు ఉన్నాయి. ఈ రెండింటిలో దేన్ని పాటిస్తావని అడిగితే, ఇద్దరూ గెలిచినవాళ్ళే కదక్కా అన్నాడు.

వాడిని ఆపాలని నా ఉద్దేశం కాదు. గెలిచిన మనిషి చెప్పే సలహా, అతని ప్రతిభ, అతని కాలం, అతని పరిచయాలు లేని మనిషికి నిజంగా ఉపయోగపడుతుందా, ఉపయోగపడితే అందులో ఏ భాగం ఉపయోగపడుతుంది అన్నది తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

లెక్కలమాస్టారు:

ప్రశ్నార్థకం గారూ, మీ తమ్ముడు అన్న ఆ ఒక్క మాటలోనే చిక్కంతా ఉంది. ఇద్దరూ గెలిచినవాళ్ళే. ఆ రెండు సలహాలను పాటించి ఓడిపోయినవారిని ఎవరూ ఇంటర్వ్యూకు పిలవలేదు, అందువల్ల వారి మాట ఆ పుస్తకంలోకి చేరే అవకాశమే లేదు.

గణితం చెప్పేటప్పుడు నేను ప్రతి ఏడూ ఒక ఉదాహరణ వాడతాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సంఖ్యాశాస్త్ర బృందంలో అబ్రహాం వాల్డ్ అనే గణితవేత్త ఉండేవారు. దాడికి వెళ్ళి తిరిగివచ్చిన యుద్ధవిమానాల మీద తూట్లు ఎక్కడెక్కడ పడ్డాయో సైన్యం దగ్గర లెక్క ఉంది. తూట్లు ఎక్కువగా కనబడిన చోట కవచం పెంచాలని ఎవరికైనా మొదట తోస్తుంది. వాల్డ్ ఆలోచన వేరు. ఈ లెక్క తిరిగివచ్చిన విమానాలది మాత్రమే. ఇంజను మీద తూట్లు తక్కువగా కనబడుతున్నాయంటే, అక్కడ దెబ్బ తిన్నవి తిరిగి రాలేదని అర్థం. కనబడుతున్న విమానాల నుంచి కనబడని విమానాల సంగతి అంచనా కట్టే పద్ధతిని ఆయన 1943లో రాసిపెట్టారు. మీ తమ్ముడి నోటుపుస్తకం నిండా తిరిగివచ్చిన విమానాలే ఉన్నాయి.

ఆ అబ్బాయి వెళ్ళదలచింది సంగీతంలోకి కనుక మరొక సంగతి కూడా చెప్పాలి. మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పేరు లేని బృందాలు పాడిన 48 పాటలను 14,000 మందికి పైగా శ్రోతల ముందు పెట్టారు. కొందరికి పాటలు మాత్రమే వినిపించారు. మిగిలినవారిని ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులోనివారు ఏ పాటను ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. పాటలు అవే అయినా, ఒక గుంపులో మొదటి స్థానానికి చేరిన పాట మరొక గుంపులో 40వ స్థానంలో ఆగిపోయింది. మొదట విన్న కొద్దిమంది ఎటు మొగ్గారన్నది తరువాతివారిని లాక్కుపోయింది. బాగా మంచి పాటలు అట్టడుగుకు పోవడమూ, బాగా నాసిరకం పాటలు పైకి రావడమూ అరుదే, కాబట్టి ప్రతిభకు విలువ లేదని ఈ ప్రయోగం చెప్పడం లేదు. అయితే మధ్యలో ఉన్న పెద్ద గుంపుకు ఏ స్థానం దక్కుతుందో ఆ పాట పాడినవారు సైతం ముందుగా చెప్పలేరు. మొదటి స్థానం దక్కిన గాయకుణ్ణి మీ విజయరహస్యం ఏమిటని అడిగితే, ఆయన నిజాయితీగానే తన సాధన గురించి చెబుతారు. అంతే సాధన చేసి 40వ స్థానంలో ఉన్నవారిని ఎవరూ అడగరు.

తడబడే మాట:

మాస్టారు గారి లెక్కను నేను కాదనలేను. అయితే గెలిచినవారి మాటల్లో రహస్యాలు, సూత్రాలే వెతకాలా అన్నది నా సందేహం. నా సంగతి చెబుతాను.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నత్తి ఉంది. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు నా పేరుకు ముందు ముగ్గురు ఉండగానే అరచేతులకు చెమట పట్టేది, పలకాల్సిన ఆ ఒక్క మాట గొంతులో ఇరుక్కునేది. మా ఇంట్లోవారు నిదానంగా మాట్లాడమని చెప్పేవారు. అది ప్రేమతో చెప్పిన మాటే కానీ నాకు ఏ సాయమూ చేయలేదు. పందొమ్మిదేళ్ళ వయసులో జేమ్స్ ఎర్ల్ జోన్స్ అనే అమెరికన్ నటుడి ఇంటర్వ్యూ ఒకటి చూశాను. ప్రపంచమంతా గుర్తుపట్టే గంభీరమైన గొంతు ఆయనది. అటువంటి మనిషి చిన్నతనంలో నత్తి వల్ల దాదాపు ఎనిమిదేళ్ళు మాట్లాడడమే మానేశారట. ఆయన కవిత రాస్తారని కనిపెట్టిన ఒక ఉపాధ్యాయుడు, అది నీ సొంతమైతే తరగతి ముందు చదివి నిరూపించమన్నారట. రాసుకున్న కవితను చదివేటప్పుడు మాట ఆగలేదని ఆయన చెప్పారు. తనకు నత్తి నయమైందని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. దానితోనే పని చేసుకుంటున్నానని అన్నారు.

ఆ రాత్రి గది తలుపు వేసుకుని ఒక పద్యాన్ని పైకి చదివాను. మొదటి పాదం రెండుసార్లు ఆగింది. మూడోసారి లయ అందుకోగానే చివరిదాకా సాగింది. తరువాత ఒక వాక్ చికిత్సకురాలి దగ్గరకు వెళ్ళాను, అసలైన పని ఆమె దగ్గరే జరిగింది. కానీ ఆమె తలుపు తట్టే ధైర్యం ఆ ఇంటర్వ్యూ వల్లనే వచ్చింది. ఆయనంత నటుణ్ణి కావాలన్న ఆశ నాకు ఎప్పుడూ లేదు. నాకున్న ఇబ్బంది పేరున్న మనిషికి కూడా ఉందని, దాన్ని పైకి చెప్పుకుంటే పరువు పోదని తెలిసింది. ఇది ఏ సంఖ్యాశాస్త్రానికీ లొంగని ఉపయోగమని నేను నమ్ముతున్నాను.

లెక్కలమాస్టారు:

నేనూ ఒప్పుకుంటాను. ఆయన మీకు గెలుపు సూత్రం చెప్పలేదు, తన ఇబ్బందిని దాచకుండా చెప్పారు. దానికి తిరిగిరాని విమానాల బెడద లేదు.

మైదానం అంచున:

పదకొండేళ్ళుగా పిల్లలకు క్రికెట్ నేర్పుతున్నాను. పెద్ద ఆటగాళ్ళ సలహాలు రోజూ నా నెట్స్‌లోకి వచ్చి పడుతుంటాయి కనుక ఈ చర్చలో నాకూ చెప్పవలసింది ఉంది.

బంతి బౌలర్ చేతి నుంచి బ్యాట్ దాకా వచ్చేంతవరకు కళ్ళు తిప్పకూడదని దాదాపు ప్రతి గొప్ప బ్యాటర్ చెబుతాడు. చెప్పేవాడికి అది పూర్తి నిజం. అయితే మైఖేల్ ల్యాండ్, పీటర్ మెక్లియడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్యాటర్ల తలకు కెమెరా అమర్చి వారి కళ్ళు ఎటు కదులుతున్నాయో రికార్డు చేసి, ఆ ఫలితాలను 2000లో ప్రచురించారు. బ్యాటర్ కన్ను బంతిని మొదట కొద్దిసేపు చూసి, ఆ తరువాత దాన్ని వదిలేసి, అది నేల మీద ఎక్కడ పడబోతుందో ఆ చోటికి ముందే దూకుతోంది. నైపుణ్యం ఎక్కువైన కొద్దీ చూపు అలా దూకడం తొందరగా జరుగుతోంది. అంటే చేయి తిరిగిన ఆటగాడు తన కళ్ళు చేస్తున్న పనినే తాను ఎరగడు. అతడు అబద్ధం చెప్పడం లేదు. ఏళ్ళ తరబడి సాధన చేసిన పని మనసు పైపొర నుంచి లోపలికి దిగిపోతుంది, దాన్ని మళ్ళీ మాటల్లోకి తేవడం అతనికే సాధ్యం కాదు.

పోయిన ఏడాది పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకడు ఒక అంతర్జాతీయ ఆటగాడి వీడియో చూసి వచ్చి, రెప్ప వేయకుండా బంతిని వెంబడించడం మొదలుపెట్టాడు. మెడ బిగుసుకుపోయింది, ముందు కాలు కదలడం మానేసింది, ప్రతి బంతికీ ఆలస్యంగా ఆడుతున్నాడు. బంతి ఎక్కడ పడుతుందో అది పడకముందే గట్టిగా చెప్పమన్నాను. ముందు, వెనక, ముందు, ముందు అని అరుస్తూ రెండు వారాలు ఆడాడు. కాలు దానంతట అదే కదిలింది.

ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది, దాన్ని దాచితే అన్యాయం అవుతుంది. చూపు అటూ ఇటూ పోయే మరొక పిల్లవాడికి బంతి మీదే చూపు ఉంచమని చెప్పగానే ఆట బాగుపడింది. వర్ణనగా తప్పైన మాట ఒకరికి ఆజ్ఞగా పనికివచ్చింది, మరొకరిని చెడగొట్టింది. ఎవరికి ఏది చెప్పాలో తెలియాలంటే ఎదురుగా ఉన్న మనిషిని చూడాలి. వేదిక మీద నుంచి మాట్లాడేవారికి ఎదురుగా ఉన్నది జనసమూహం. వారి సలహాలో నేను చూసే పెద్ద లోపం ఇదే. వారు తమకు జరిగింది చెప్పగలరు, మీ సంగతి వారికి తెలియదు.

పాత పత్రికల పాఠకురాలు:

సలహాలోని పస కంటే చెప్పినవారి పేరుకే మనం ఎక్కువ విలువ ఇస్తామనడానికి నాకు బాగా గుర్తున్న ఉదాహరణ ఒకటి ఉంది. 1997లో చికాగో ట్రిబ్యూన్ పత్రికలో మేరీ ష్మిక్ అనే కాలమిస్టు, యువ పట్టభద్రులకు తాను ఉపన్యాసం ఇవ్వవలసి వస్తే ఏం చెబుతానో ఊహించి ఒక వ్యాసం రాశారు. కొద్ది వారాలలోనే అది ఎం.ఐ.టి. స్నాతకోత్సవంలో రచయిత కర్ట్ వానెగట్ చేసిన ప్రసంగమన్న పేరుతో ఈమెయిళ్ళ ద్వారా ప్రపంచమంతా తిరిగింది. ఆ ఏడాది అక్కడ ప్రసంగించింది వానెగట్ కాదు, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్. ఒక మామూలు పత్రికా రచయిత్రి రాసే శీర్షికలోని మాటలకు పెద్ద రచయిత పేరు తగిలించేసరికి, వాటిని మిత్రులకు పంపాలన్న తొందర జనానికి కలిగింది. మాటలు రెండు సందర్భాలలోనూ అవే.

దీన్ని నేరుగా పరీక్షించినవారు కూడా ఉన్నారు. డేవిడ్ లెవారి, డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ 2022లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒక పదాల ఆటను కొందరితో ఆడించి, తరువాత ఆడబోయేవారికి సలహాలు రాయమన్నారు. బాగా ఆడినవారి సలహాలే మేలైనవని అందుకున్నవారు నమ్మారు. వాటిని చదివి ఆడినప్పుడు మాత్రం, తక్కువ ఆడినవారి సలహాలు చదివినవారి కంటే వారేమీ ఎక్కువ మెరుగుపడలేదు. బాగా ఆడినవారు ఇచ్చిన సలహాల సంఖ్య మాత్రం ఎక్కువ. ఎక్కువ చెప్పడాన్ని మనం బాగా చెప్పడంగా పొరబడ్డామన్నమాట. ఈ ఫలితం చదివిన రోజున నా పుస్తకాల అల్మారా వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మధ్యలో ఆపిన చదువు:

నేను చదువు ఆపినవాణ్ణి. చివరి ఏడాదిలో ఉండగా, కాలేజీ మానేసి కోటీశ్వరులైనవారి కథలు వరుసగా విని, నా ఆలోచన కూడా అంత గొప్పదేనని నమ్మి బయటికి వచ్చేశాను. ఒక సంస్థ నిర్వహించిన శిక్షణ శిబిరంలో, పట్టా అనేది భయపడేవారి ఊతకర్ర అని వేదిక మీది వక్త అన్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. ఆ వక్తకు రెండు పట్టాలు ఉన్నాయని తరువాత తెలిసింది. నా వ్యాపారం పద్నాలుగు నెలలు నడిచి ఆగిపోయింది.

ఆ తరువాత, ఎవరి కథలు విని నేను బయటికి వచ్చానో వారి కథలనే పూర్తిగా చదివాను. బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ వదిలిపెట్టిన మాట నిజమే. కానీ ఆయన చదువుకున్న లేక్‌సైడ్ పాఠశాలలోకి 1968లోనే కంప్యూటర్ టెర్మినల్ వచ్చింది, అప్పటికి ఆయనకు ఇంకా పదమూడేళ్ళు నిండలేదు. విశ్వవిద్యాలయాలలోనే కంప్యూటర్ దొరకడం కష్టమైన రోజులవి. ఆయన తల్లి, తరువాత ఆయన కంపెనీకి పెద్ద ఒప్పందం ఇచ్చిన ఐబీఎం సంస్థ అధిపతి జాన్ ఓపెల్, ఇద్దరూ ఒకే సేవాసంస్థ పాలకమండలిలో సభ్యులుగా ఉండేవారు. ఇవేవీ దాచిన విషయాలు కావు, ఆ పాఠశాల వల్ల తనకు కలిగిన అదృష్టం గురించి గేట్స్ స్వయంగా చెప్పారు. వారెన్ బఫెట్ కూడా, తాను 1930లో అమెరికాలో పుట్టడం ఒక లాటరీ తగలడం లాంటిదని ఎన్నోసార్లు అన్నారు. వారు చెప్పారు, మనమే వినలేదు. చదువు మానేశాడన్న ఒక్క ముక్క కథలా చెప్పుకోవడానికి బాగుంటుంది. పదమూడేళ్ళకే వేల గంటల సాధనకు దారి దొరికిందన్నది అంత బాగా అతకదు. నా తప్పులో సగం భాగం వక్తదైతే, సగం నాకు కావలసిన ముక్కనే ఏరుకున్న నాది.

మీ తమ్ముడి నోటుపుస్తకంలో ప్రతి మాట పక్కనా, ఈ మాట చెప్పిన మనిషి అప్పటికి ఓడిపోయి ఉంటే ఎవరి ఇంట్లో పడుకునేవాడు అని ఒక ప్రశ్న రాయమనండి. స్టీవ్ జాబ్స్ 2005 జూన్ 12న స్టాన్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ ప్రేమించే పనిని వెతుక్కోమని, దొరికేదాకా రాజీపడవద్దని చెప్పారు. అదే ప్రసంగంలో ఆయన కాలేజీ వదిలాక మిత్రుల గదుల్లో నేల మీద పడుకున్నానని కూడా చెప్పారు. నా విషయంలో అలా పడుకోనిచ్చే మిత్రులు ఉన్నారు, కానీ నా మీద ఆధారపడిన ఇద్దరు మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళను ఏ నేల మీద పడుకోబెట్టను?

తొలి మెట్టు:

ఇక్కడ అందరూ వివేకంతో రాశారు. అయినా ఒక వైపు నుంచి ఈ చర్చ నాకు కొంత బాధ కలిగిస్తోంది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి చెప్పే గురువును వెతుక్కోమని మీరంటున్నారు. అటువంటి గురువు ఎవరి ఇంట్లో ఉంటారు?

మా కుటుంబంలో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. పెద్ద చదువు అంటే ఏమిటో, దానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఇంటర్వ్యూలో ఏ బట్టలు వేసుకోవాలో చెప్పడానికి మా ఇంట్లో గానీ మా వీధిలో గానీ ఒక్కరు లేరు. ఉపకార వేతనంతో విదేశంలో చదివే దారి ఒకటి ఉందన్న సంగతి నాకు తెలిసింది ఒక శాస్త్రవేత్త ఇంటర్వ్యూ ద్వారా. కష్టపడండి, కలలు కనండి అని ఆమె చెప్పిన మాటల్లో నాకు ఏమీ మిగలలేదు. మాటల మధ్యలో, తాను దరఖాస్తు చేసినప్పుడు ఆచార్యులకు ముందుగా ఉత్తరం రాశానని, ఏడుగురికి రాస్తే ఒకరు జవాబిచ్చారని అన్నారు. ఆ ఒక్క వాక్యం నా జీవితాన్ని మార్చింది. ముక్కూ మొహం తెలియని ఆచార్యులకు ఉత్తరం రాయవచ్చునన్నదే అంతవరకు నాకు తెలియదు. పరిచయాలున్న ఇళ్ళలో పిల్లలకు రోజూ చెవిన పడే సంగతులు మాకు టీవీలోనో ఫోనులోనో ఒక ప్రముఖుడి నోట వస్తేనే తెలుస్తాయి. అందువల్ల ప్రముఖుల మాటలు మామూలువారికి పనికిరావని తేల్చేస్తే, ఆ నష్టం ఇంట్లో అడగడానికి మనిషి లేనివారికే ఎక్కువ.

నడవడి గురించి చెప్పిన మాటలకు కూడా ఈ అదృష్టం లెక్కలు అంతగా వర్తించవని నా అభిప్రాయం. అబ్దుల్ కలామ్ గారు చాలా సభల్లో చెప్పిన సంగతి ఒకటుంది. 1979 ఆగస్టులో ఆయన నాయకత్వంలో ప్రయోగించిన ఎస్.ఎల్.వి-3 రాకెట్ విఫలమైనప్పుడు, సంస్థ అధిపతి సతీశ్ ధావన్ పత్రికల ముందు నిలబడి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులైలో ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం పత్రికలతో నువ్వే మాట్లాడమని కలామ్‌ను ముందుకు పంపారు. ఇప్పుడు నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు. పోయిన నెల ఒక పని మా వల్ల ఆలస్యమైనప్పుడు పై అధికారికి వివరణ రాస్తూ, ఆ పని చూసిన అమ్మాయి పేరు టైపు చేసి, ఈ సంగతి గుర్తుకు వచ్చి దాన్ని తుడిచేసి, నా పేరు రాశాను. దీనికి నాకు రాకెట్ అక్కరలేదు, అదృష్టమూ అక్కరలేదు.

మైదానం అంచున:

తొలి మెట్టు గారు నా మాటను సరిదిద్దారు. ఎదురుగా ఉన్న కోచ్ అందరికీ దొరకడన్నది నేను ఆలోచించలేదు. మీరు ఆ ఇంటర్వ్యూ నుంచి తీసుకున్నది ఆమె చేసిన పనిని. ఎందుకు గెలిచిందన్న ఆమె వివరణను మీరు పక్కన పెట్టారు. నా నెట్స్‌లో కూడా ఇంతే. గొప్ప ఆటగాడు పొద్దున ఎన్నింటికి లేస్తాడు, ఎన్ని బంతులు ఆడతాడు, గాయమైతే ఎన్ని వారాలు ఆగుతాడు అన్నవి పిల్లలకు పనికివస్తాయి. తాను ఎందుకు గొప్పవాడయ్యాడో అతడు చెప్పేది అంతగా పనికిరాదు. ఎవరు చెప్పినా వినాలి కానీ వినగానే వేగపడకూడదని చిన్నప్పుడు కంఠస్థం చేసిన పద్యం ఈ చర్చ చదువుతుంటే పదే పదే గుర్తుకు వస్తోంది.

ఆగిన పాట:

ఈ చర్చను మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని తటపటాయించి రాస్తున్నాను, ఎందుకంటే మాస్టారు గారు చెప్పిన తిరిగిరాని విమానాన్ని నేను.

ఉద్యోగం వదిలి ఆరేళ్ళు పాట మీదే బతకడానికి ప్రయత్నించాను. నన్ను ఏ పత్రికా అడగలేదు కనుక ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను. నాలో సాధన లోపించిందని ఎవరూ అనలేదు. తెల్లవారుజామున లేచి మూడు గంటలు పాడేవాణ్ణి, సాయంత్రం రెండు గంటలు. పట్టుదల సంగతి చెప్పనక్కరలేదు. పట్టు వదలవద్దన్న సలహాను నేను ఎంత బాగా పాటించానంటే, వదలవలసిన రోజు వచ్చినా గుర్తుపట్టలేకపోయాను. నాలుగో ఏడాది చివరలో, నాతోపాటు బృందగానంలో పాడే ఒక పెద్దాయన, నీ గొంతు బాగుంటుంది కానీ వందమందిలో ఇది నీదని గుర్తుపట్టలేరు నాయనా అన్నారు. కోపం వచ్చింది. గెలిచిన ప్రతి మనిషి కథలోనూ నువ్వు పనికిరావన్న మనిషి ఒకడు ఉంటాడు కదా, ఈయన నా కథలో ఆ మనిషి అనుకున్నాను. ఆ కథలు నాకు చేసిన కీడు ఇదే. నిజం చెప్పిన ఆప్తుణ్ణి అడ్డుపడినవాడిగా చూపించాయి. ఇంకో రెండేళ్ళు గడిచాక గానీ ఆయన మాటలోని ప్రేమ నాకు కనబడలేదు.

ఆ ఆరేళ్ళు వృథా అని నేను అనను. పాడిన రోజులు నావే. కానీ వెళ్ళే ముందు ఎవరైనా నాకు, ఎంతవరకు వెళ్ళాక ఆగి చూసుకోవాలో ముందే రాసిపెట్టుకోమని చెప్పి ఉంటే బాగుండేది. ఎంతసేపు పరిగెత్తాలో గెలిచినవారు చెప్పలేరు, వారికి ఆగవలసిన అవసరమే రాలేదు. అది ఆగినవారికే తెలుస్తుంది.

ప్రశ్నార్థకం:

ఆగిన పాట గారూ, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, తరువాత ఈ చర్చ మొత్తం మా తమ్ముడికి చూపించాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్ళాలన్న ఆలోచన మానుకోలేదు, మానుకోమని నేనూ అనలేదు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి మీరు చెప్పినట్లు రాసుకోవడానికి కూర్చున్నాడు కానీ, ఏం రాయాలో తెలియక నన్ను అడిగాడు. నాకూ తెలియదు. మీరైతే ఆ పేజీలో ఏం రాసి ఉండేవారు?

ఇంకొక ప్రశ్న వాడిది, వాడి మాటల్లోనే రాస్తున్నాను: పాడడం ఆపేశాక మొదటి ఏడాది ఎలా గడిచిందండీ?

ఆగిన పాట:

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. ఆ పేజీలో ఒక తారీఖు రాసేవాణ్ణి, నా విషయంలో అది రెండేళ్ళకు ఉండేది. ఆ తారీఖునాటికి, నన్ను ఎరగనివారు నన్ను ఒకసారి పిలిచి, తిరిగి రెండోసారి పిలిచిన సందర్భాలు ఎన్నో లెక్కపెట్టుకునేవాణ్ణి. మొదటిసారి పిలుపు పరిచయం మీద వస్తుంది, మొహమాటం మీద వస్తుంది. రెండోసారి పిలుపు పాట మీదే వస్తుంది. నాకు ఆరేళ్ళలో అలాంటివి నాలుగు. ఇల్లు గడవడానికి ఎన్ని నెలల సొమ్ము చేతిలో ఉంటే వెళ్ళాలి, ఎన్ని నెలలది మిగిలి ఉండగా ఆగాలి అన్నవి కూడా వెళ్ళేముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడే రాయాలి. ఆ పేజీని మీకు చూపించి సంతకం చేయమనండి. తారీఖు దగ్గరపడ్డాక మనసు వంద కారణాలు చెబుతుంది.

రెండో ప్రశ్నను నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మొదటి ఏడాది పాట వినబడితే గది మారేవాణ్ణి. తెల్లవారుజామున అలవాటు కొద్దీ మెలకువ వచ్చేది, ఆ మూడు గంటలను ఏం చేయాలో తెలియక గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఉద్యోగంలో నాకంటే ఆరేళ్ళు చిన్నవారి పక్కన చేరాను, వారు నన్ను మర్యాదగానే చూశారు. ఏడాది దాటాక పక్కింటి పిల్ల స్వరాలు తప్పు పాడుతుంటే ఉండబట్టలేక గోడ ఇవతల నుంచి సరిచేశాను. ఇప్పుడు తొమ్మిదిమంది పిల్లలు వస్తున్నారు.

మీ తమ్ముడిని, తాను పాడినదాన్ని రెండు నిమిషాలు, ఏ వాద్యమూ లేకుండా రికార్డు చేసి ఈ వేదికలోని నా సందేశాల పెట్టెకు పంపమనండి. ఆదివారం తీరికగా విని, నాకు వినబడినది వినబడినట్లు రాస్తాను. నా ఒక్కడి మాట మీద ఏదీ తేల్చుకోవద్దని కూడా చెప్పండి. అదే రికార్డును మరో ఇద్దరికి పంపమనండి, వారిలో ఒకరైనా ఇప్పటికీ పాడుతూ ఉన్నవారై ఉండాలి.